పదకొండు పట్టణాల పందెం

ధనుర్మాసంలో తెల్లవారుజామున కంబళి వదలి లేవడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. అయినా ఆ వేళకే వీధివాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే ఆడపడుచులు మన గ్రామాలలో కనిపిస్తారు. ఎదురింటి వాకిట ఇరవైయొక్క చుక్కల ముగ్గు వెలిసినదంటే, మరునాడు ఈ ఇంటి వాకిట ఇరవైమూడు చుక్కల ముగ్గు వెలియవలసిందే. భోగిమంటకు దుంగలు పోగుచేసే పిల్లలలోనూ ఇదే పంతం. ఈ పంతంలో పగ లేదు; పొరుగువారి మీది చనువే ఉన్నది. చలికి ముడుచుకొని కూర్చునే మనిషిని ఆరుబయటికి రప్పించడంలో వైద్యుల హితోపదేశం సాధించలేని పనిని ఈ చనువుతో కూడిన పంతం సాధిస్తుంది.

మన చలి ఎంతటి చలి? నీరు రాయివలె గట్టిపడి, చెట్లు ఎండుకట్టెలవలె నిలిచి, సూర్యుడు సాయంకాలం నాలుగున్నర గంటలకే అస్తమించే దేశాలు ఉన్నాయి. అటువంటి చోట మనిషి నాలుగు నెలలపాటు పొయ్యి ప్రక్కన కూర్చోవడమే సహజం. కాని ఆ దేశాలలోనే చలికాలాన్ని ఆటల కాలంగా మార్చుకొన్న జాతులు ఉన్నాయి. వారిలో డచ్చివారిని ముందుగా చెప్పవలె. వీరు మనకు బొత్తిగా అపరిచితులు కారు. 17వ శతాబ్ది ఆరంభంలో మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పి, మన నేతవస్త్రాలను సముద్రాలు దాటించినవారు వీరే. భీమునిపట్నంలో వారి సమాధులు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ వర్తకులు మచిలీపట్నపు ఎండలో చెమటోడుస్తూ బట్టల మూటలు లెక్కపెట్టుకొంటున్న రోజులలోనే, వారి స్వదేశంలో హెండ్రిక్ అవెర్‌కాంప్ అనే చిత్రకారుడు గడ్డకట్టిన కాలువల మీద ఆడుకొనే జనాన్ని చిత్రిస్తూ ఉండినాడు. 1585లో పుట్టి 1634లో గతించిన ఈ చిత్రకారుడు మూగవాడు. ఆయన పటాలలో ధనవంతులు, కూలీలు, స్త్రీలు, బాలురు, కుక్కలు అందరూ ఒకే మంచుగడ్డ మీద ఉంటారు. కొందరు హాయిగా జారుతూ పోతుంటారు. కొందరు పడి లేస్తుంటారు.

ఆ దృశ్యానికి కారణం ఆ దేశపు నేలలోనే ఉన్నది. నెదర్లండ్స్ అంటేనే పల్లపు నేల. అక్కడ బాటలకన్న కాలువలు మిక్కుటం. వేసవిలో పడవ ఎంత అవసరమో, శీతకాలంలో స్కేటు అంత అవసరం. కొయ్యపీటకు అడుగున పదునైన ఇనుపబద్దె బిగించి, తోలుపట్టెలతో బూటుకు కట్టుకొంటే అదే స్కేటు. కాలువ గట్టిపడినదంటే దానిమీద మనిషి గుర్రంతో సమానమైన వేగంతో పోగలడు. పాలు అమ్ముకొనేవాడు, చర్చికి పోయేవాడు, అత్తవారింటికి పోయే అల్లుడు అందరికీ అదే రాజమార్గం. చిన్నపిల్లలు కుర్చీని ముందుకు నెట్టుకొంటూ దాని ఆధారంతో స్కేటింగ్ నేర్చుకొంటారు. మన పిల్లలు చెరువులో ఈత నేర్చినట్లే వారికి ఈ విద్య అబ్బుతుంది.

దేశమంతటా ఈ విద్య ఉన్నా, దానిని ప్రాణప్రదంగా భావించేది ఉత్తరాన ఉన్న ఫ్రీస్లాండ్ సీమ. అక్కడివారిది వేరు భాష, వేరు అభిమానం. పశువుల పెంపకం, పాడి వారి జీవనాధారం. శీతకాలంలో పొలం పనులు నిలిచిపోగానే కూలివానికి కూడు కరవయ్యేది. ఆ రోజులలో ఊరూరా స్కేటింగ్ పందేలు జరిగేవి. కొన్నిచోట్ల పేద కూలీలకే ప్రత్యేకంగా పందేలు పెట్టి, ఆహారపదార్థాలను బహుమానంగా ఇచ్చేవారు. 1805లో ఆ సీమకు ముఖ్యపట్టణమైన లేవార్డెన్‌లో స్త్రీలకే ఒక పెద్ద పందెం జరిగింది. తరువాతి కాలంలో ఊరూరా మంచు సంఘాలు వెలిశాయి. మంచు ఊడ్చి బాట చేయడం, పగుళ్ళున్న చోట గుర్తులు పెట్టడం, పందేలు నడపడం ఆ సంఘాల పని. మన ఊళ్ళలో భజన సమాజాలు ఉన్నట్లు అక్కడ మంచు సంఘాలు ఉన్నాయనుకొంటే సరిపోతుంది.

ఫ్రీస్లాండ్‌లో పూర్వకాలం నుండి పట్టణ హక్కులు పొందిన ఊళ్ళు పదకొండు. లేవార్డెన్, స్నేక్, ఐల్స్ట్, స్లోతెన్, స్తావొరెన్, హిండెలోపెన్, వర్కుమ్, బోల్స్‌వార్ట్, హార్లింగెన్, ఫ్రానెకెర్, డొక్కుమ్ అనేవి వాటి పేర్లు. పేరుకు పట్టణాలేగాని వీటిలో స్లోతెన్ వంటివి మన పల్లెలకన్న చిన్నవి. కాలువలు, సరస్సులు ఈ పదకొండింటినీ దండలోని దారంవలె కలుపుతాయి. ఆ దండ చుట్టుకొలత సుమారు 200 కిలోమీటర్లు. విజయవాడ నుండి రాజమహేంద్రవరం వెళ్ళినా అంత దూరం ఉండదు. ఈ పదకొండు పట్టణాలను ఒక్క పగటిలో, ఒక్క రాత్రిలో స్కేటుల మీద చుట్టి రావడం మగతనానికి గుర్తుగా 18వ శతాబ్ది నాటికే ప్రసిద్ధికెక్కింది. పందెం లేదు, బహుమానం లేదు, చూచేవారు కూడా లేరు. పోయివచ్చినవాడు చలిమంట దగ్గర కూర్చుని చెప్పుకొనేవాడు. విన్నవాడు వచ్చే ఏడు తానూ పోవాలనుకొనేవాడు.

ఈ ఊరిమాటను వ్యవస్థగా మార్చినవాడు పిమ్ ములియెర్. ఫుట్‌బాల్ మొదలైన ఆటలు డచ్చిదేశంలో వ్యాపించడానికి ఎంతో పాటుపడిన వ్యక్తి ఆయన. 1890 డిసెంబరులో ఆయన స్వయంగా పదకొండు పట్టణాలనూ చుట్టి, సుమారు 13 గంటలలో తిరిగి వచ్చాడు. వెళ్ళిన ప్రతి పట్టణంలోనూ సాక్ష్యంగా సంతకం వ్రాయించుకొన్నాడు. తాను పొందిన ఆనందం నలుగురికీ కలగవలెనని ఆయన కోరిక. దానికి తగిన చలికాలం, తగిన సంఘం కలిసిరావడానికి మరి 18 ఏండ్లు పట్టింది.

1909 జనవరి 2వ తేదీన మొదటి పందెం జరిగింది. బయలుదేరినవారు ఇరవైమందికి కొంచెం పైన మాత్రమే. మిన్నే హూక్‌స్ట్రా అనే వేదాంతవిద్యార్థి 13 గంటలకు పైగా శ్రమించి ముందుగా వచ్చాడు. ఆయన తరువాతి కాలంలో మతాచార్యుడైనాడు. ఆ నెలలోనే పదకొండు పట్టణాల సంఘం ప్రత్యేకంగా ఏర్పడింది. నేటికీ ఈ యాత్రను నిర్వహించే అధికారం ఆ సంఘానిదే. ములియెర్ ఒక చిన్న శిలువ పతకాన్ని రూపొందించాడు. ఆ పతకంలోనే ఈ కథ అంతరార్థం ఉన్నది. అది మొదట వచ్చినవానికి మాత్రమే ఇచ్చేది కాదు. నడిరేయి లోపల గమ్యం చేరిన ప్రతివానికీ అదే పతకం. ఆరేడు గంటలలో వచ్చిన వీరునికీ, రాత్రి పదకొండున్నరకు కుంటుతూ వచ్చిన పాలవానికీ తేడా లేదు.

నియమాలు కొద్దివి, కఠినమైనవి. తెల్లవారకముందే చీకటిలో లేవార్డెన్ నుండి బయలుదేరవలె. మెడలో ఒక కార్డు ఉంటుంది. ప్రతి పట్టణంలోనూ దానిమీద ముద్ర వేయించుకోవలె. ఒక్క ముద్ర తప్పినా పతకం లేదు. వంతెనల క్రింద నీటి ప్రవాహం వల్ల మంచు పలుచగా ఉంటుంది. అక్కడ గట్టెక్కి, పరచిన తివాచీల మీద స్కేటులతోనే అడుగులు వేసుకొంటూ పోయి, మళ్ళీ మంచు మీదికి దిగవలె. దారి పొడవునా మంచుగడ్డ కనీసం 15 సెంటీమీటర్ల మందం ఉంటేగాని యాత్రకు అనుమతి లేదు. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పెద్ద ఉంటాడు. ఆయన తన భాగంలోని మంచుకు రంధ్రం చేసి, కొలిచి, సంఘానికి తెలుపుతాడు. ఆయన మాటకు తిరుగులేదు.

చివరి భాగంలో బార్ట్లెహీమ్ అనే కుగ్రామం వస్తుంది. అక్కడ కాలువ మీద ఒక చిన్న కొయ్యవంతెన. డొక్కుమ్ పోయేవారు, డొక్కుమ్ నుండి మరలివచ్చేవారు ఎదురుపడే చోటు అది. అక్కడినుండే తిన్నగా లేవార్డెన్‌కు దారి ఉన్నది. కాళ్ళు మొద్దుబారి, కనుబొమ్మలకు మంచు పట్టి, చీకటి పడిన వేళ అక్కడికి చేరినవానికి రెండు దారులూ కనిపిస్తాయి. ఒకటి వెచ్చని ఇంటికి, మరొకటి ఎదురుగాలిలో మిగిలిన పదకొండవ పట్టణానికి. ఆ క్షణంలో ఒంటరివాడు ఇంటిదారి పట్టడం సులభం. ఎదురుగా ముద్ర వేయించుకొని వస్తున్న మిత్రుడు చేయి ఊపి కేకవేస్తే మాత్రం, ఇంటికి మరలడానికి అభిమానం అడ్డువస్తుంది. స్నేహంతో కూడిన పోటీ అనే మాటకు ఆ వంతెనకన్న మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

అయితే పోటీ, స్నేహం ఎల్లప్పుడూ ఒకే ఒరలో ఇముడుతాయా? ఈ ప్రశ్నను ఈ యాత్రాచరిత్ర మాటిమాటికీ ఎదుర్కొన్నది. 1912లోను, 1917లోను కూన్ డి కోనింగ్ నిస్సందేహంగా గెలిచాడు. 1929లో భయంకరమైన చలిలో గెలిచిన కార్స్ట్ లేంబుర్ఖ్ మంచుకాటు వల్ల ఒక కాలివేలినే పోగొట్టుకొన్నాడు. 1933లో మాత్రం ఇద్దరు ఒకేసారి గీత దాటారు. ఇద్దరినీ విజేతలుగా అంగీకరించారు. 1940 జనవరిలో డొక్కుమ్ చేరిన అయిదుగురు, ఇంతదూరం ఒకరి వెనుక ఒకరు గాలి కాచుకొంటూ వచ్చాము గనుక ఇక గీత కూడా కలిసి దాటుదామని మాట ఇచ్చిపుచ్చుకొన్నారు. అది డొక్కుమ్ ఒడంబడికగా పేరుపొందింది. అయిదుగురికీ విజయం దక్కిందిగాని సంఘానికి అది రుచించలేదు. పందెమన్నపుడు గెలుపు ఓటములు తేలవలసిందేనని, ఇకమీదట కలిసి గీత దాటడం నిషిద్ధమని శాసించింది.

ఆ ఏడు మే నెలలో జర్మనులు ఆ దేశాన్ని ఆక్రమించారు. దేశం పరాధీనమైనా 1941, 1942 శీతకాలాలు తీవ్రంగా వచ్చాయి. యాత్ర రెండేండ్లూ జరిగింది. స్వేచ్ఛ లేని రోజులలో తమ కాలువల మీద, తమ పట్టణాల నడుమ ఒక్క దినమైనా స్వేచ్ఛగా సాగిపోవడం ఆ ప్రజలకు ఎంతటి ఊరటయో ఊహించుకోవచ్చు.

1956లో మళ్ళీ అదే చిక్కు వచ్చింది. శాసనం తెలిసికూడా అయిదుగురు చేయి చేయి పట్టుకొని గీత దాటారు. సంఘం ఈసారి కనికరించలేదు. ఆ అయిదుగురికీ బహుమానం లేదన్నది. వారి వెనుక వచ్చినవానిని విజేతగా ప్రకటించనూ లేదు. ఆ సంవత్సరపు పట్టికలో విజేత పేరు ఉండవలసిన చోట శూన్యమే మిగిలింది. ఎవరిది న్యాయం? సంఘానిదేనని వాదించవచ్చు. పోటీ లేకపోతే పందేనికి పదును ఉండదు. పదును లేకపోతే మనుషులు వేకువజామున లేవరు. అయిదుగురిదేనని కూడా వాదించవచ్చు. ఇన్ని గంటలు ఒకరి వీపు చాటున ఒకరు ప్రాణం నిలుపుకొన్నవారు చివరి నాలుగు బారల దూరంలో శత్రువులు కావలెననడం కృతకంగానే ఉన్నది. నాకు తోచినంతవరకు ములియెర్ పతకమే దీనికి సమాధానం. గెలుపు ఒక్కరికి, గౌరవం అందరికి అని ఆయన మొదటనే విడదీసి పెట్టాడు. ఆ విభజన నిలిచినంతకాలం పోటీ స్నేహాన్ని చంపదు.

1963 జనవరి 18వ తేదీ ఆ విభజనకు అగ్నిపరీక్ష. హిమపరీక్ష అనడం సబబేమో. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలు. గాలివాన కాదు, గాలిమంచు. పగుళ్ళను మంచుపొడి కప్పివేసింది. రైనియెర్ పాపింగ్ దాదాపు సగం దారి ఒంటరిగా పోరాడి, సుమారు 11 గంటలకు గమ్యం చేరాడు. పందెగాళ్ళు, సామాన్య యాత్రికులు కలిసి దాదాపు పదివేలమంది బయలుదేరితే, ఆ సామాన్య యాత్రికులలో నడిరేయి లోపల తిరిగివచ్చినవారు 69 మంది మాత్రమే. తక్కినవారు ఎక్కడికక్కడ ఆగిపోయారు. వెనుదిరగడం కూడా వివేకమేనని ఆ దినం నేర్పింది. ఆ 69 మంది ఎంత పూజ్యులో, పడిపోయిన తోటివానిని లేవనెత్తి వెచ్చని ఇంటికి చేర్చి తన ముద్రలను వదులుకొన్నవాడూ అంత పూజ్యుడే.

ఆ తరువాత 22 సంవత్సరాలు మంచు కరుణించలేదు. ఒక తరం పిల్లలు ఈ యాత్రను తండ్రుల నోట వినడమేగాని చూచి ఎరుగరు. 1985 ఫిబ్రవరిలో కాలువలు మళ్ళీ గట్టిపడినపుడు ఎవెర్ట్ వాన్ బెంథెమ్ అనే పాడిరైతు గెలిచాడు. మరుసటి ఏడు 1986లోనూ ఆయనదే విజయం. స్త్రీల విషయం కూడా చెప్పవలె. యిక్కె ఖాస్‌ట్రా అనే వనిత 1912లోనే యాత్ర పూర్తిచేసింది. కాని పందెగాళ్ళ శ్రేణిలో స్త్రీలకు స్థానం దొరకడానికి 1985 వరకు ఆగవలసివచ్చింది. 1986లో వాన్ బ్యూరెన్ అనే ఇంటిపేరుతో ఒక 18 ఏండ్ల యువకుడు సామాన్యులలో సామాన్యుడుగా యాత్ర పూర్తిచేశాడు. అతడు యువరాజు విలెమ్ అలెగ్జాండర్. గమ్యం వద్ద తల్లి బియాట్రిక్స్ రాణి అతనిని కౌగిలించుకొన్నది. 2013లో రాజ్యాభిషిక్తుడైన ఆ యువకునికీ ఆనాడు దక్కినది అందరికీ దక్కిన శిలువ పతకమే.

1997 జనవరి 4వ తేదీన పదిహేనవ యాత్ర జరిగింది. హెంక్ ఆంఖెనెంట్ అనే కూరగాయల రైతు 6 గంటల 49 నిమిషాలలో చుట్టివచ్చి గెలిచాడు. వేలకొలది యాత్రికులు పాల్గొన్నారు. అదే ఇంతవరకు చివరిది. 2012 ఫిబ్రవరిలో ఆశలు చిగిర్చాయి. దేశమంతా మంచు మందం లెక్కలు వింటూ కూర్చున్నది. జనం పారలు, చీపుళ్ళు పట్టి కాలువల మీది మంచుపొడి ఊడ్చారు. దక్షిణ భాగంలో మంచుగడ్డ కావలసిన మందం కట్టలేదని భాగాల పెద్దలు తెలిపారు. సంఘం యాత్ర లేదని ప్రకటించింది. లెక్క చూడండి: 1909 నుండి 1942 వరకు ఎనిమిదిసార్లు, 1947 నుండి 1963 వరకు నాలుగుసార్లు, ఆ తరువాత మూడే సార్లు. భూమి వేడెక్కుతున్నకొద్దీ ఫ్రీస్లాండ్ కాలువలు గట్టిపడే చలికాలాలు అరుదైపోతున్నాయి.

మరి జరగని పందెం కోసం ఎవరైనా సాధన చేస్తారా? చేస్తున్నారు, ఇదే ఈ కథలోని వింత. మంచు ఎపుడు వచ్చేదీ ఎవరికీ తెలియదు. కొద్దిదినాల ముందు మాత్రమే ప్రకటన వెలువడుతుంది. అప్పటికప్పుడు 200 కిలోమీటర్ల బలం కాళ్ళకు రాదు. అందుచేత ప్రతి శీతకాలమూ సిద్ధంగా ఉండవలసిందే. ఒక మిత్రుడు సిద్ధమవుతున్నాడని తెలిసి మరొకడు సిద్ధమవుతాడు. 1989 నుండి ఆస్ట్రియా దేశపు వైసెన్‌సే సరస్సుమీద 200 కిలోమీటర్ల ప్రత్యామ్నాయ యాత్ర జరుపుకొంటున్నారు. మంచు లేకపోతేనేమి, ఆ పదకొండు పట్టణాలను సైకిలు మీద చుట్టేవారున్నారు. మార్టెన్ వాన్ డెర్ వైడెన్ అనే ఈతగాడు తాను క్యాన్సర్ నుండి కోలుకొన్నవాడు. ఆ వ్యాధి పరిశోధనకు విరాళాలు కూర్చడానికి 2018లో ఆ కాలువలలో ఈదుతూ పోయి మధ్యలో ఆగిపోయాడు. 2019లో మళ్ళీ దిగి పూర్తిచేశాడు. దారి నిలిచింది, దాన్ని దాటే తీరులే మారుతున్నాయి.

స్వీడన్ దేశంలోనూ ఇటువంటి సంప్రదాయం ఉన్నది. పదహారవ శతాబ్దిలో గుస్తావ్ వాసా మంచుదారిన సాగిన ప్రయాణానికి స్మారకంగా, 1922 నుండి సేలెన్, మోరా గ్రామాల నడుమ 90 కిలోమీటర్ల స్కీయింగ్ పందెం నడుస్తున్నది. అక్కడ 1924లో స్త్రీలను వారించి, 1981లో మళ్ళీ చేర్చుకొన్నారు. పోటీ తలుపు ఎంత విశాలమైతే అంతమంది చలిలోకి వస్తారన్న సత్యం అక్కడకూడా ఆలస్యంగానే తెలిసింది.

మనకు మంచు కాలువలు లేవు, ఉండనక్కరలేదు. ఉదయపు చలిగాలిలో చెరువుగట్టు చుట్టూ నడిచివద్దామని ఎందరమో సంకల్పిస్తాము. మూడవనాడు ఆ సంకల్పం కంబళి క్రిందనే నిద్రపోతుంది. దానిని మేలుకొలపడానికి గడియారంకన్న, వీధి మలుపులో నిలిచి ఎదురుచూచే మిత్రుడు మేలు. నిన్న నాలుగుసార్లు గట్టు చుట్టినవాడు నేడు అయిదుసార్లు చుట్టానని నవ్వుతూ చెపితే, అది మనకు పిలుపు కావలెగాని పరాభవం కారాదు. ముందుగా వచ్చినవానికి ఒక చప్పట్లు, చివరకు వచ్చినవానికీ అవే చప్పట్లు. ఫ్రీస్లాండ్ ప్రజలు నూరేండ్లకు పైబడి ఒక చిన్న పతకంలో దాచుకొన్న ధర్మం ఇంతే. వారి కాలువలు మళ్ళీ ఒకసారి గట్టిపడాలని, బార్ట్లెహీమ్ వంతెన క్రింద ఎదురుపడే మిత్రులు మళ్ళీ ఒకరికొకరు చేయి ఊపాలని కోరుకొందాము.